క్యాసెట్ నుంచి బోటిమ్ దాకా: గల్ఫ్ రూముల్లో దోస్తానా చరిత్ర

ఈ పోస్టు పొడుగ్గా ఉంటది, ముందే చెప్తున్నాం. ఆదివారం తీరికగా చదవండి.

ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎమిరేట్స్‌లో పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని బంద్. ఆ రెండున్నర గంటలు సైటు నీడలో అట్టముక్కలు పరుచుకుని ఒక్కొక్కడు ఒక్కో ఫోనులో ఉంటాడు. కొత్తగా దిగిన పిల్లలు ఆ టైములోనే మమ్మల్ని అడుగుతారు. "అన్నా, వాట్సాప్ లేనప్పుడు మీరెట్ల ఉన్నరే ఇక్కడ?" ఒక్క మాటలో చెప్పలేక రాస్తున్నాం.

దుబాయ్ బిల్డింగుల చరిత్ర ఎక్కడైనా దొరుకుతది. బుర్జ్ ఖలీఫా పని 2004లో మొదలై, 2010 జనవరి 4న తెరిచారని ఫోనులో కొడితే వస్తది. అది కట్టినోళ్లు రాత్రి రూముకొచ్చి ఎవరితో మాట్లాడుకున్నారు, ఎట్ల మాట్లాడుకున్నారు అంటే ఎక్కడా లేదు. మేము అంటే 2000 తర్వాత మూడు నాలుగేళ్లలో పాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి హెల్పర్లుగా దిగిన బ్యాచి. అప్పుడు అందరిదీ ఒకటే రూము. ఇప్పుడు కొందరం ఇక్కడే సూపర్‌వైజర్లం, ఫోర్‌మన్లం, ఇద్దరు సౌదీలో ఉన్నారు, ఒకాయన ఊరికి పోయి కిరాణం పెట్టుకున్నాడు. ఈ పోస్టు అందరం ఒకరికొకరం గుర్తు చేసుకుని రాసింది.

మాకంటే ముందు తరం 1970ల చివర, 80లలో వచ్చినోళ్లు. 1973లో చమురు ధర ఒక్కసారి పెరిగినంక ఈ దేశాల్లో రోడ్లు, పోర్టులు, బంగ్లాల పని మొదలైంది. మనోళ్లు బొంబాయి మీదుగా దుబాయ్, సౌదీ, బహ్రెయిన్ వచ్చారు. కడప, గోదావరి జిల్లాలోళ్లు ఎక్కువ కువైట్ దిక్కు పోయారు. ఇంటికి, వాళ్లకు మధ్య ఉన్నది ఉత్తరం ఒక్కటే. ఇక్కడ మన దగ్గర లాగా పోస్ట్‌మన్ తలుపు కొట్టి ఉత్తరం ఇయ్యడు. కంపెనీకి ఒక పోస్టు బాక్సు నంబరు ఉంటది, వెయ్యి మంది కూలీలకు అదే అడ్రసు. ఆఫీసు పిల్లగాడు బాక్సు తెరిచి, సంచిలో వేసుకుని క్యాంపుకు తెచ్చి పేర్లు పిలిస్తే, పిలుపు వినబడనోడు ఖాళీ చేతులతో మెస్సుకు పోయేటోడు.

తర్వాత క్యాసెట్లు. టేపు రికార్డర్ ముందు కూర్చొని మాట్లాడి, లీవు మీద పోయేటోని చేతికి ఇచ్చి పంపడం. ఒక వైపు అమ్మానాయనకు, అన్నదమ్ములకు, ఊరోళ్లకు. రెండో వైపు భార్యకు. ఆ రెండో వైపు ఎవరూ వినొద్దని మొదటి వైపు చివర్లో చెప్పేటోళ్లు, అందుకే అందరూ వినేటోళ్లు. ఇంటి నుంచి తిరుగు క్యాసెట్ వచ్చేది. అందులో మాటలకంటే వెనకాల కోడి కూత, బర్రె అరుపు, పిల్లల లొల్లి ఎక్కువ ఉండేదనీ, మనుషుల మాటలు అయిపోయినంక కూడా టేపు అట్లనే తిరగనిచ్చి ఆ సప్పుడు వినేటోళ్లమనీ పాత పెద్దమనుషులు మాతో చెప్పారు.

మేము దిగేనాటికి క్యాసెట్లు తగ్గినయి, ఉత్తరాలు మాత్రం ఉన్నయి. పదో తరగతి పాసైన మా బోటి వాళ్లం రూముకు ఇద్దరం ముగ్గురం ఉండేవాళ్లం. సదువు రానోళ్ల ఉత్తరాలు చదివేది, రాసేది మేమే. ఈ పని గురించి కొంచెం ఎక్కువ చెప్తాం, ఎందుకంటే ఇప్పటి పిల్లలకు తెలియనిది ఇదే.

మా రూములో జగిత్యాల దిక్కు మేసన్ ఒకాయన ఉండేవాడు, అప్పటికే యాభై దాటినాయన. అందరం కాకా అనేవాళ్లం. గోడ లేపితే దారం పట్టినట్టు ఉండేది కానీ అక్షరం ముక్క రాదు. అక్కడ ఆయన భార్య చెప్పింది బడిపిల్లగాడు రాస్తాడు, ఇక్కడ మేము చదువుతాం. అంటే ఆ మొగడుపెండ్లాల మధ్య మాట ఇంకో ఇద్దరి నోట్లోంచి దాటి పోవాల్సిందే. ఆయన అప్పు ఎంత, బిడ్డ పెండ్లి సంబంధం ఎక్కడ దాకా వచ్చింది, తమ్ముడు పొలం గట్టు ఎంత జరిపిండు, అంతా మాకు తెలుసు. ఒకసారి ఉత్తరం చింపి చూస్తే వాళ్ల అమ్మ చనిపోయి అప్పటికి పదమూడు రోజులు. ఆయన ఎదురుగా మంచం మీద కూర్చుని "చదువురా" అంటున్నాడు. మేము గొంతు సవరించుకుని, బర్రె ఈనిందని, వానలు బాగున్నయని ఏదో చదివి ఉత్తరం మడిచాం. బయటికి పోయి మిగిలినోళ్లతో చెప్పాం. ఒకడు చాయ్ పెట్టాడు, ఒకడు ఫోర్‌మన్ దగ్గరికి పోయి రేపటి డ్యూటీ గురించి మాట్లాడి వచ్చాడు, పెద్దాయన ఒకరు పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేసి అప్పుడు చెప్పాడు. ఆ తర్వాత పది రోజులు మా మెస్సులో నీసు వండలేదు. ఎవరూ వద్దని చెప్పలేదు. రూములో ఎనిమిది మందికీ మైల పట్టినట్టే అనుకున్నాం.

ఫోను ఉండేది కానీ నిమిషానికి ఇంత అని గుండె దడ. కార్డు కొని, గీకి, నంబర్లు కొట్టి, ఊళ్లో ఫోనున్న ఇంటికి చేస్తే "పది నిమిషాలాగి చెయ్, పిలుచుకొస్తం" అనేటోళ్లు. కార్డులో సగం పైసలు ఆ పిలుపులోనే పోయేవి. 2003 మే నుంచి ఇండియాలో సెల్లుకు వచ్చే కాల్స్ ఫ్రీ అయినయి. అప్పుడే మన ఇళ్లల్లో సెల్లు కొనడం మొదలైంది. లేబర్ క్యాంపుల దగ్గర చాటుగా నెట్ కాల్ నిమిషాలు అమ్మేటోళ్లు తయారయ్యారు. గోడ చాటున నిలబడి ఇంటికి మాట్లాడడం, ఎవరో "పోలీస్" అంటే అందరూ ఉరకడం. అది మాకు ఇంటర్నెట్‌తో మొదటి పరిచయం. దాని పేరు ఇంటర్నెట్ అని కూడా అప్పుడు తెల్వదు.

యాహూ మెసెంజర్ 1998లో వేరే పేరుతో వచ్చి, 99లో ఈ పేరు పెట్టుకుంది. మాకు అది శుక్రవారం నెట్ కేఫ్‌లో దొరికింది. అప్పట్లో సెలవు శుక్రవారమే. గంటకింత అని కట్టి, ముందున్నోడి చెమటతో తడిసిన హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక వేలుతో అక్షరం అక్షరం ఎతుక్కుంటూ తెలుగును ఇంగ్లిష్ లిపిలో కొట్టేటోళ్లం. కోరుట్లలోనో, మెట్‌పల్లిలోనో నెట్ సెంటర్లో కెమెరా ముందు భార్యాపిల్లలు వచ్చి కూర్చునేవాళ్లు. ఏ శుక్రవారం ఎన్ని గంటలకో ముందు వారమే ఫోనులో చెప్పుకోవాలి. బస్సు లేటైతే ఇక్కడ మన గంట అయిపోయేది. బొమ్మ ఆగి ఆగి వచ్చేది. చెయ్యి లేపినట్టు ఒకసారి, దించినట్టు ఒకసారి కనబడేది, మధ్యలో ఏం జరిగిందో మనమే ఊహించుకోవాలి.

దోస్తులు దొరికింది మాత్రం చాట్ రూముల్లో. చూడండి, అది కూడా రూమే. పది ఇరవై మంది తెలుగోళ్లు రాత్రిపూట జమయ్యేవాళ్లు. ఒకడు మస్కట్‌లో డ్రైవరు, ఒకడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ పిల్లగాడు, ఇంకొకరు అమెరికాలో పెట్రోల్ బంకులో నైట్ డ్యూటీ. పేరు చివర 143 తగిలించుకున్న ఆడపేర్లు కొన్ని ఉండేవి. అందులో సగం మీసాలున్నవే. మైకు పట్టుకుని పాట పాడించుకునేటోళ్లం. మా దేశంలో, మా ఊళ్లో అయితే ఆ ఇంజనీరింగ్ పిల్లగాడు మాతో ఒక బల్ల మీద కూర్చునేవాడా? కూర్చోడు. కులం, సదువు, జీతం ఏదీ కనబడకుండా "అన్నా" అని పిలిపించుకోవడం చాలామందికి అక్కడే మొదలు. ఇంగ్లిష్ ఫారం నింపడం, జీతం స్లిప్పు లెక్క చూసుకోవడం మాలో కొందరం ఆ పిల్లగాళ్ల దగ్గరే నేర్చుకున్నాం.

జనం సొంతంగా పెట్టుకున్న చాట్ రూములను యాహూ 2005లో మూసేసింది. మిగిలినవి 2012 డిసెంబర్‌లో పోయినయి. మెసెంజర్ మొత్తానికే 2018 జూలై 17న ఆగిపోయింది. అందులో మనకు తెలిసినోళ్ల అసలు పేరు తెల్వదు, ఊరు తెల్వదు, ఐడీ ఒక్కటే తెలుసు. ఐడీ పోయినంక ఆ మనుషులను ఎక్కడని వెతుకుతాం? క్యాంపు మారేటప్పుడు పెట్టె సర్దుకోవడానికి కనీసం ఒక రాత్రి టైమిస్తారు. అప్పట్లో నంబర్లు మార్చుకున్నోళ్లు మిగిలారు. "ఐడీ ఉంది కదా, మళ్లీ కలుస్తం" అనుకున్నోళ్లు మళ్లీ కలవలేదు.

ఆర్కుట్ 2004 జనవరిలో వచ్చింది. గూగుల్‌లో పనిచేసే ఒక టర్కీ ఇంజనీరు పేరే దానికి పెట్టారు. మనోళ్లకు అది బాగా నచ్చింది, ఎందుకంటే అందులో ఊరు ఉంది. మండలం పేరు మీద కమ్యూనిటీ, కాలేజీ పేరు మీద కమ్యూనిటీ, హీరోల పేరు మీదైతే లెక్కే లేదు. స్క్రాపు రాయడం, టెస్టిమోనియల్ రాయించుకోవడం. ఒకడి గురించి మంచి మాట నాలుగు లైన్లు రాసి అందరికీ కనబడేలా పెట్టడం మన పెండ్లిళ్లలో కూడా లేదు, అది ఆర్కుట్ నేర్పింది. మన ప్రొఫైల్ ఎవరు చూసి పోయారో కూడా చూపించేది. ఊళ్లో మన గల్లీ నుంచి ఎవరు నడిచిపోయారో అరుగు మీద కూర్చుని చూసినట్టే. చిన్నప్పుడు బడి మానేసి బీడీల కార్ఖానాలో పడ్డ దోస్తును, బతుకుదెరువుకు భీవండి పోయి మగ్గాల మీద పనిచేస్తున్న దోస్తును ఆర్కుట్‌లో పట్టుకున్నాం.

2007 జూలైలో ఎమిరేట్స్‌లో ఆర్కుట్ బ్లాక్ అయింది. కేఫ్‌లో తెర మీద అరబీ, ఇంగ్లిష్ నోటీసు వచ్చింది, ఈ సైటు ఇక్కడి విలువలకు సరిపడదని. ఊళ్లో వాళ్లు రాస్తూనే ఉన్నారు, మనం చూడలేం. వాళ్లు మనకు కోపం వచ్చిందనుకున్నారు. "దుబాయ్ పోయినంక బలిసిండు, జవాబియ్యడు" అన్న మాట మాలో ఇద్దరు ముగ్గురు పడ్డారు. ఆఖరుకు గూగులే 2014 సెప్టెంబర్ 30న దాన్ని మూసేసింది. ఫోటోలు, స్క్రాపులు దింపుకోవడానికి 2016 సెప్టెంబర్ దాకా టైమిచ్చింది కానీ, ఆ సంగతి తెలుసుకుని, పాస్‌వర్డ్ గుర్తుండి, దింపుకున్నోడు మా బ్యాచిలో ఒక్కడూ లేడు.

మధ్యలో నోకియా ఫోన్లలో నింబజ్ నడిచింది. కేఫ్ అక్కర లేకుండా మంచం మీదికే చాట్ రూము వచ్చింది అంతే. అందులో కొట్లాటలు, అడ్మిన్ గిరి, రూము నుంచి తన్నేయడం తప్ప ఎక్కువ చెప్పడానికి లేదు.

కొట్లాట అంటే 2009 గురించి చెప్పకుండా ఎట్ల పోతాం. నవంబర్ 29న కేసీఆర్ దీక్ష మొదలు, డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీ ప్రకటన. అప్పటికి మా రూములో తెలంగాణ వాళ్లం ఐదుగురం, గోదావరి జిల్లా వాళ్లు ఇద్దరు, కడప తమ్ముడు ఒకడు. అన్నం ఒకటే కుక్కర్లో. నోటితో ఒక్క మాట అనుకోలేదు. కానీ ఫోనులో, ఫేస్‌బుక్‌లో, ఎక్కడో కూర్చున్న ఎవరో రాసింది షేర్ చేసుకుంటూ ఒకరి మీద ఒకరం రాసుకున్నాం. పై మంచం మీదోడు కొట్టిన కామెంట్ కింది మంచం మీదోని ఫోనులో మోగేది. అది మోగిన సప్పుడు రూము మొత్తానికి వినబడేది. అయినా పొద్దున లేచి ఒకే బస్సు. ఎదురుగా అనలేని మాట ఫోనులో అనొచ్చని మనం నేర్చుకున్నది ఆ రోజుల్లోనే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చిన రోజు గోదావరి తమ్ముడే సేమియా పాయసం చేశాడు. కడప తమ్ముడు మాత్రం అప్పటికే రూము మారిపోయాడు.

ఇక వాట్సాప్. 2009లో పుట్టింది, 2014లో ఫేస్‌బుక్ 1900 కోట్ల డాలర్లకు కొన్నది. మాకు తెలిసిన పెద్ద మార్పు ఆ డాలర్లు కాదు, 2013 ఆగస్టులో వచ్చిన వాయిస్ మెసేజ్. అప్పటి దాకా చాలా ఫోన్లలో తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా కనబడేవి. కనబడినా సదువు రానోడికి లాభం లేదు. (తెలుగు అక్షరం ఫోనుకు ఎంత బరువో 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ వాళ్లకు తెలిసింది. "జ్ఞా" అనే అక్షరం మెసేజులో వస్తే ఆ ఫోను కొట్టుకుపోయేది. మన దగ్గర ఐఫోన్ ఉన్నోడు ఎవడూ లేడు కాబట్టి నవ్వుకున్నాం.) బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడితే చాలు అనేసరికి కాకా లాంటి వాళ్లకు నోరు వచ్చింది. పాత క్యాసెట్టే మళ్లీ వచ్చినట్టు. కాకపోతే ఇది లీవు మీద పోయే దోస్తు చేతిలో పెట్టాల్సిన పని లేదు. మమ్మల్ని ఉత్తరం చదవమని అడిగేటోడు ఆ ఏడాదితో లేడు.

గ్రూపులు వచ్చినయి. ఊరి గ్రూపు, మండలం గ్రూపు, కులం గ్రూపు, కంపెనీలో తెలుగోళ్ల గ్రూపు. వీటిని ఎక్కిరించేటోళ్లు ఎక్కిరిస్తారు, గుడ్ మార్నింగ్ పూల బొమ్మలని. ఆ పూల బొమ్మల గ్రూపే ఎవరైనా చనిపోతే ఏం చేస్తదో చూడాలి. సోనాపూర్ అని మనం పిలిచే ఏరియా అసలు పేరు ముహైస్నా. మన క్యాంపులూ అక్కడే, శవాన్ని ఇంటికి పంపేముందు మందు ఎక్కించే సెంటరూ అక్కడే. డెత్ సర్టిఫికెట్, పోలీసు కాగితం, కాన్సులేట్ ఎన్‌ఓసీ, పాస్‌పోర్టు క్యాన్సిల్, వీసా క్యాన్సిల్, కార్గో బుకింగ్. ఇవన్నీ ముందు తెలిసినోడు ఒకడు రాత్రంతా మేలుకుని గ్రూపులో చెప్తుంటే, అతన్ని ఎన్నడూ చూడనోడు పొద్దున ఆ కాగితాలు పట్టుకుని తిరుగుతాడు. శవం శంషాబాద్‌లో దిగేసరికి ఇంటి మనుషులతో పాటు గ్రూపోడు ఒకడు అక్కడ నిలబడి ఉంటాడు. ఒక జాగ్రత్త కూడా రాయాలి. అనుమతి లేకుండా చందాలు అడగడం ఇక్కడ నేరం. 2012 సైబర్ చట్టంలో ఉంది, దాని బదులు 2022 జనవరి నుంచి అమలైన చట్టంలోనూ ఉంది. గ్రూపులో "తలా వంద దిర్హాములు" అని మెసేజ్ పెట్టడం కూడా అందులోకే వస్తది. మంచికే చేసినా కేసు కేసే. అనుమతి ఉన్న సంస్థల ద్వారానే చెయ్యాలి.

వాట్సాప్‌లో మాట కలిసే కాల్ 2015లో, వీడియో కాల్ 2016 నవంబర్‌లో వచ్చినయి. ఎమిరేట్స్‌లో ఆ కాల్స్ నడవవు. ఇంటికి మెసేజ్ పోతది, మాట పోదు. మనోళ్లు ఇమో పట్టుకున్నారు. అది ఒకరోజు నడిచేది, ఒకరోజు గడగడమని ఆగేది. వీపీఎన్ వేసుకున్నోళ్లు వేసుకున్నారు. 2016లోనే చట్టం మార్చి, వీపీఎన్ అడ్డం పెట్టుకుని తప్పు పని చేస్తే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా పెట్టారు. హెల్పర్ జీతంతో అది ఎన్ని జన్మల జీతమో లెక్క వేసి నవ్వుకున్నాం, నవ్వి ఫోనులోంచి తీసేశాం. సౌదీ 2017 సెప్టెంబర్‌లో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం సడలించింది. ఇక్కడ 2018 మొదట్లో నెలకు 50 దిర్హాముల ప్యాకేజీ మీద బోటిమ్ వచ్చింది. అటు ఊళ్లో 2016 సెప్టెంబర్ 5న జియో మొదలైంది. ఇదే అసలు మలుపు. అంతకుముందు మన చేతిలో నెట్ ఉన్నా అమ్మ చేతిలో లేదు. జియో వచ్చినంక పొయ్యి దగ్గర అమ్మ, పొలంలో నాయన, బడి నుంచి వచ్చే బిడ్డ, అందరూ తెర మీదికి వచ్చారు. బతుకమ్మ ఆడుతుంటే చూశాం. కొత్త ఇంటికి స్లాబు వేస్తుంటే ఇక్కడి నుంచే "ఆ మూల వైబ్రేటర్ పెట్టుమను" అని చెప్పాం.

అప్పటి నుంచే రూము మారింది. రెండంతస్తుల మంచాలకు గుడ్డ తెరలు వచ్చినయి. ఒక్కో తెర వెనకాల ఒక్కో ఊరు. ఎనిమిది మంది ఎనిమిది ఊళ్లలో ఉంటారు, రూములో ఎవరూ ఉండరు. మేము సూపర్‌వైజర్లం కదా, పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో కళ్లు చూస్తే తెలుస్తది ఎవరు ఎన్నింటికి పడుకున్నారో. నిద్ర లేని కళ్లతో స్కాఫోల్డింగ్ ఎక్కేటోన్ని కిందికి దింపి వేరే పని చెప్తాం. "ఇంటోళ్లతో మాట్లాడిన అన్నా" అంటే ఏమని తిడతాం?

మూడేళ్ల కింద మా సైటులో స్టీల్ ఫిక్సర్ తమ్ముడు ఒకడు రోజూలాగే డ్యూటీ చేశాడు, కడ్డీలు కట్టాడు, మధ్యాహ్నం కుబ్బూస్ తిన్నాడు. సాయంత్రం వాళ్ల ఊరి గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజ్ మాకు ఫార్వర్డ్ అయి వచ్చింది. ఆ తమ్ముని తండ్రి ముందు రోజు పోయాడు. రాత్రి తెర వెనకాల పడుకుని, ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తండ్రి చితి మొత్తం బోటిమ్‌లో చూశాడు. పై మంచం మీదోనికి తెల్వదు. పక్క మంచం వాడు దగ్గు అనుకున్నాడు. మాకు కాకా అమ్మ ఉత్తరం గుర్తొచ్చింది. అప్పుడు కబురు పదమూడు రోజులు ఆలస్యంగా వచ్చింది, కానీ ఎనిమిది మందిలోంచి దాటి వచ్చింది. ఇప్పుడు అదే నిమిషంలో వస్తది, ఎవరినీ తాకకుండా. ఇదీ మేము ఇరవై ఏళ్లలో చూసిన తేడా. అప్పట్లో మనం మంచోళ్లమై ఒకరి బాధ ఒకరం పంచుకోలేదు, వేరే దారి లేక పంచుకున్నాం. ఇప్పుడు దారి ఉంది కాబట్టి ఎవని బాధ వాడే మోస్తున్నాడు.

టిక్‌టాక్ సంగతి కూడా చెప్పి ముందుకు పోతాం. క్యాంపులో పాటలకు డాన్సు చేసి, ఒంటె పక్కన నిలబడి డైలాగులు కొట్టి, మనోళ్లలో కొందరికి వేలమంది అభిమానులు వచ్చారు. 2020 జూన్ 29న ఇండియా 59 యాప్‌లను ఆపింది, అందులో టిక్‌టాక్ ఒకటి. ఇక్కడ మాత్రం నడుస్తూనే ఉంది. అంటే చేసేటోడు ఉన్నాడు, చూసే ఊరు లేదు. ఆర్కుట్ అప్పుడు ఈ దేశం తలుపు వేసింది, ఈసారి మన దేశం వేసింది.

2021 అక్టోబర్ 4, సోమవారం. ఇక్కడి టైము రాత్రి ఏడున్నర దాటినంక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టా అన్నీ ఒకేసారి ఆగినయి. ఆరు గంటల పైమాటే. సరిగ్గా అందరూ స్నానాలు చేసి, తిని, మంచమెక్కే టైము. ముందు ఎవనికి వాడు రీచార్జ్ అయిపోయిందనుకున్నాడు. తర్వాత క్యాంపు వైఫై పోయిందని క్యాంప్ బాస్ మీదికి పోయారు. బోటిమ్ ప్యాకేజీ ఉన్నోళ్లు అందులో పడ్డారు. మిగిలినోళ్లు తెరలు జరిపి ఒక్కొక్కరు బయట మెట్ల మీదికి వచ్చారు. ఒకడు పల్లీలు తెచ్చాడు. పక్క బ్లాకు నేపాలీ పిల్లలు క్యారమ్ బోర్డు బయట పెట్టారు. ఏడాదిగా మా రూములోనే ఉంటున్న ఆదిలాబాద్ పిల్లగాడు ఒగ్గు కథ చెప్తాడని మాకు ఆ రాత్రే తెలిసింది. వాళ్ల తాత దగ్గర నేర్చుకున్నాడట. బల్ల మీద దరువేస్తూ పదకొండు దాకా చెప్పాడు. అర్ధరాత్రి దాటినంక ఫోన్లు మళ్లీ మోగినయి. తర్వాత రోజు కథ మిగిలింది చెప్పమంటే సిగ్గుపడ్డాడు, మేమూ ఎక్కువ అడగలేదు.

ఇంత చదివినంక ఫోను రాకపోతేనే బాగుండేది అని మేము అంటున్నామని అనుకోవద్దు. రూములో ఎనిమిది మంది ఉన్నోళ్లు అనుకునే మాట అది. రూమే లేనోళ్లు ఉన్నారు. కువైట్, మస్కట్ ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లు, గోదావరి, కడప జిల్లాల వాళ్లు చాలామంది, వంటింటి పక్క గదిలో ఒక్కరే ఉంటారు. ఉత్తరం చదివి పెట్టే దోస్తు వాళ్లకు ఎన్నడూ లేడు. రాత్రి పదకొండు దాటినంక సప్పుడు చెయ్యకుండా ఇమోలో తనలాంటి ఇంకో అక్కతో మాట్లాడుకోవడమే వాళ్లకు రూము. వీధి అవతలి ఇంట్లో మన ఊరామె ఉందని ఫోను ద్వారా తెలిసి, రెండేళ్లలో ఒక్కసారి కూడా కలవలేక, చెత్త బయట పెట్టే టైము కలుపుకుని దూరం నుంచి చెయ్యి ఊపుకున్నోళ్లు ఉన్నారు. జీతం ఇయ్యకుండా, కొడుతూ ఉంటే సెల్ఫీ వీడియో తీసి పంపింది కూడా ఆ ఫోనుతోనే. సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్న 2014 నుంచి 19 దాకా అట్లాంటి గోసలకు ట్విట్టర్‌లోనే జవాబిచ్చేది. మదద్ పోర్టల్ 2015లో వచ్చింది. కానీ ఆ వీడియో అక్కడి దాకా చేరడానికి ముందు ఎవరో ఒకరు తమ గ్రూపులో పెట్టాలి, ఇంకొకరు ఇంగ్లిష్‌లో రాసి పెట్టాలి.

సౌదీ ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసేటోళ్ల సంగతి 2024లో ఆడుజీవితం సినిమా వచ్చినంక అందరికీ తెలిసింది. మా మండలం గ్రూపులో అట్లాంటి అన్న ఒకాయన ఉండేవాడు. పొద్దున ఇసుక దిబ్బ ఎక్కితేనే సిగ్నల్ దొరికేది. ఎక్కి ఒక వాయిస్ పెట్టేవాడు. "రామ్ రామ్ అన్నలూ, ఇయ్యాల గాలి బాగుంది" అని అంతే. గ్రూపులో సగం మంది వినేవారు కూడా కాదు. ఒకసారి మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు ఎవరో "దిబ్బ మీది అన్న ఏడి?" అని అడిగారు. ఐదో రోజుకు ఆయన పాత లొకేషన్ ఒకటి వెతికి తీశారు. ఆ దిక్కు ట్యాంకర్ నడిపే నిర్మల్ డ్రైవరు ఒకాయన, గ్రూపులో ఎన్నడూ ఒక్క మాట రాయనోడు, తన రూటు వదిలి నూటా ఎనభై కిలోమీటర్లు పోయి చూశాడు. ఫోను నీళ్ల తొట్టిలో పడి చెడిపోయింది, మనిషి బాగానే ఉన్నాడు. డ్రైవరు తన దగ్గరున్న పాత ఫోను, రెండు లీటర్ల పెరుగు, ఉల్లిగడ్డల సంచి ఇచ్చి వచ్చాడు. ఆ పొద్దు దిబ్బ మీది అన్న పెట్టిన వాయిస్ నాలుగు నిమిషాలు ఉంది, అందులో ఎక్కువ భాగం ఏడుపే. అది మాత్రం గ్రూపులో అందరూ విన్నారు.

బహ్రెయిన్, ఖతర్ సంగతులు మాకు తక్కువ తెలుసు. అక్కడ 2000కు ముందు నుంచి ఉన్న పెద్దలు ఎవరైనా ఉంటే మీ రూముల్లో ఎట్ల ఉండేదో రాయండి, వాయిస్ పెట్టినా సరే, మేము రాసి పెడతాం. ఎవరి ఇంట్లోనైనా పాత క్యాసెట్లు ఉంటే పారెయ్యకండి. మా దగ్గర ఒక టేపు రికార్డర్ ఇంకా నడుస్తుంది.